వంటచెరకు ఎవరి ఎంపిక?
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇంధన చరిత్ర నుంచి

బజారుకు ఏ సంచి పట్టుకుపోవాలో, పొయ్యిలో ఏది మండించాలో, ఏ సబ్బు కొంటే భూమికి మేలో ప్రజలకు బోధించే రచనలు ఈమధ్య మన భాషలో కూడా విరివిగా వస్తున్నాయి. వాటి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. కాని ఆ రచనలన్నిటి వెనుకా ఒక చిత్రం వున్నది: గృహస్థు అంగడి ముందు నిలబడి వున్నాడు, ఎదుట రెండు సరుకులున్నాయి, ఒకటి ప్రకృతికి మేలు చేసేది, రెండవది కీడు చేసేది; అతడు తెలివిగలవాడైతే మొదటిదాన్ని ఏరుకుంటాడు. ఈ చిత్రం ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి చూడవలసి వుంది. అడగటానికి కృష్ణా పడమటి డెల్టా చాలా అనువైన చోటు. తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల ఇసుకనేలల దాకా, గత నూట డెబ్బయి యేళ్ళలో పొయ్యిలోకి వచ్చిన వస్తువు ఎన్నోమార్లు మారింది. ఆ మార్పుల్లో ఇల్లాలిని అడిగి జరిగినవి ఎన్ని?

డెల్టా పుట్టుకతోనే కట్టెల కరువు పుట్టింది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ శ్మశానమైంది. ఆ అనుభవం తర్వాత, కాటన్ దొర ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యాన బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసింది. కాలువలు వచ్చాయి. జొన్న, వరిగ పండిన నేలల్లో వరి వచ్చింది. ఇది మహోపకారమని చిన్నప్పటినుంచీ చదువుకున్నాం, నిజమే. అయితే నీరు పారిన ప్రతి ఎకరా వరికి పోయినప్పుడు, ఆ ఎకరా మీద అంతకుముందు వున్న తుమ్మకంప, పొదలు, పశువుల బీడు ఏమైనాయి? అవి లేకుండా పోయినాయి. వడ్లకు ధర వుంది, కంపకు లేదు. పది పదిహేను సంవత్సరాల్లో కాదుగాని, రెండు తరాలు తిరిగేసరికి డెల్టా అన్నం పుష్కలంగా పండించి, ఆ అన్నం వండుకునే పుల్ల కోసం వెతుక్కునే దేశమైంది.

అప్పటినుంచీ పొయ్యికి దిక్కు పిడక. పొలానికి ఎరువు కావలసిన పేడను మూర్ఖరైతు తగలబెట్టుకుంటున్నాడని తెల్లదొరలు ఆక్షేపించేవారు. వారిలో ఒకడు మాత్రం కళ్ళు తెరిచి చూశాడు. భారత వ్యవసాయాన్ని పరిశీలించటానికి ప్రభుత్వం పంపిన రసాయనవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో ప్రచురించిన నివేదికలో, రైతు పేడను కాల్చేది అజ్ఞానంచేత కాదు, వేరే కట్టె దొరకనందువల్ల అని తేల్చాడు. ఊళ్ళ పొరుగున వంటచెరకు కోసం, మేత కోసం వనాలు పెంచమని సలహా ఇచ్చాడు. వినియోగదారునికి బుద్ధి చెప్పటం కాదు, సరఫరా మార్చటం ముఖ్యమని నూట ముప్పయి యేళ్ళ కిందటనే ప్రభుత్వం పంపిన నిపుణుడొకడు గ్రహించాడన్నమాట. ఆ వనాలు మన డెల్టాలో ఎంతవరకు పెరిగాయో చెప్పుకోకపోవటమే మర్యాద.

పిడక అందరికీ ఒకటి కాదు, ఈ సంగతి మన గ్రామీణ సాహిత్యంలో కూడా చాలినంతగా రాలేదు. కొట్టం నిండా గొడ్లున్న కామందు ఇంట్లో పేడలో సగం పెంటపోగుకు పోతుంది, సగం పిడకలవుతుంది. ఆ పిడకలు దాలిలో మంద్రంగా రాజుకుంటుంటే మట్టికుండలో పాలు మధ్యాహ్నందాకా కాగి ఎర్రబడతాయి. ఆ మీగడ రుచి గురించి మన కథకులు బాగానే రాశారు. భూమీ గొడ్డూ లేని ఇంటి ఆడమనిషికి పిడక అంటే తెల్లవారుజామున గంప నెత్తిన పెట్టుకుని, మంద పోయిన దారి వెంట నడిచి, పేడకళ్ళు ఎత్తటం. ఒకరి దొడ్డి ముందు పడినదాన్ని ఎత్తితే తగువు, దారిలో పడినదాన్ని ఎత్తితే ఊరుకోవటం: ఈ రాయని చట్టం మీద ఆమె పొయ్యి ఆధారపడి వుండేది. పేడలో ఇంత ఊక, ఇంత పొట్టు కలిపి, గోడకు కొట్టి, ఎండబెట్టి, వర్షాకాలానికి దొంతర పేర్చటం దాకా అంతా ఆమె శ్రమే. ఆ శ్రమకు కూలి లేదు కనుక అది ఏ లెక్కలోకీ రాలేదు. లెక్కలోకి రానిదాన్ని 'ఉచిత ఇంధనం' అన్నారు.

ఇక ఊక సంగతి. నా దృష్టిలో డెల్టా ఇంధన చరిత్రకు కీలకం ఇక్కడ వుంది. వడ్లలో అయిదోవంతు బరువు ఊకే. వడ్లు ఇంట్లోనో, దంపుళ్ళకు వచ్చే ఆడకూలీల చేతనో రోకళ్ళతో దంచినంతకాలం బియ్యం, తవుడు, ఊక మూడూ ఆ పెరట్లోనే వుండేవి. దంచినామెకు నూకలో కొంత, తవుడులో కొంత ముట్టేది. ఊకను ఎవరూ వద్దనేవారు కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో రైలు దారుల వెంట బియ్యపు మిల్లులు లేచాయి. తెనాలి నుంచి రేపల్లెకు రైలు 1916లో వచ్చింది. బాపట్ల అప్పటికే మదరాసు ప్రధాన మార్గం మీద వున్నది. మిల్లు వచ్చినచోట రోకలి మూలపడింది. దంపుడు కూలి పోయిందని మాత్రమే మన చరిత్రలు చెబుతాయి. కూలితో పాటు పొయ్యిలో వస్తువు కూడా పోయింది. నిన్నటిదాకా పెరట్లో వున్న ఊక మిల్లు యజమాని ఆస్తి అయింది.

మొదట అతనికది పీడ. మిల్లు వెనుక కొండలా పెరిగితే స్థలం పట్టేది, నిప్పంటుకుంటే ప్రమాదం. బాయిలరులో కొంత మండేది, మిగిలినదాన్ని ఎత్తుకుపొమ్మనేవాడు. కాలువ వారగా ఇటుక బట్టీలవాళ్ళు బండ్లకు బండ్లు తోలుకుపోయారు. పట్నపు పేదలు గోతాలు నింపుకుని పోయారు. అప్పుడు పుట్టింది ఊకపొయ్యి. దాన్నే వడ్రంగి అడితీల దగ్గర రంపపుపొట్టుతో వాడితే పొట్టుపొయ్యి అన్నారు. ఈ పొయ్యిని కనిపెట్టిన ఇంజనీరు పేరు ఎవరికీ తెలియదు. ఖాళీ డబ్బాకు అడుగున ఒక బెజ్జం, మధ్యలో నిలువుగా ఒక సీసా, చుట్టూ ఊక దట్టించి కూరటం, సీసాను మెల్లగా పైకి లాగటం. లోపల గొట్టం లాంటి ఖాళీ మిగులుతుంది. కింద బెజ్జంలో పుల్ల వెలిగిస్తే గాలి ఆ గొట్టం వెంట పైకి లాగి గంటలతరబడి నిలకడగా మండుతుంది. కూరటంలో నేర్పు చాలకపోతే మధ్యలో కూలిపోయి పొగ చిమ్ముతుంది. వ్యర్థపదార్థాన్ని తిరిగి వాడటమంటే ఇదే. అయితే దాన్ని వాడిన వాళ్ళు దాన్ని గురించి గర్వించిన దాఖలా లేదు. చేతిలో డబ్బు ఆడగానే చాలామంది దాన్ని వదిలించుకున్నారు.

ఆ డబ్బా మాట వచ్చింది కాబట్టి కిరసనాయిలు గురించి చెప్పాలి. నాలుగు గాలన్లు పట్టే చదరపు రేకుడబ్బా నూనెకంటె ముఖ్యమైన వస్తువుగా మనదేశంలో స్థిరపడింది. నూనె దీపానికి పోయేది. డబ్బా మాత్రం నీళ్ళబిందె, ధాన్యపుకొలత, పూరిపాక కప్పు, బడ్డీకొట్టు గోడ, చివరకు పైన చెప్పిన పొయ్యి అయింది. విదేశీ చమురు కంపెనీ మనకు చేసిన మేలు ఏదైనా వుంటే ఆ ఖాళీ డబ్బాయే అంటే అతిశయోక్తి అనిపించవచ్చు. కాని పాతకాలపు కూలివాడలో ఏ గుడిసె చూసినా ఆ మాట తోసిపుచ్చటం కష్టం.

1942లో బర్మా జపానువారి వశమయ్యాక బర్మా నూనె ఆగిపోయింది. దీపానికే నూనె లేని రోజుల్లో పెట్రోలు మాట చెప్పేదేముంది? ఈనాడు 'ప్రత్యామ్నాయ ఇంధనం' అని పిలుచుకునే ప్రయోగం మన రోడ్ల మీద అప్పుడే పెద్దయెత్తున జరిగింది. ఆ యుద్ధకాలంలో మదరాసు రాజధానిలో బస్సుల వెనుక నిలువెత్తు ఇనపపీపా ఒకటి బిగించారు. అందులో కట్టెబొగ్గు చాలీచాలని గాలితో మండి బొగ్గుపులుసు వాయువుగా కాక, మండే వాయువుగా తయారై, జల్లెళ్ళ గుండా ఇంజనులోకి పోయేది. బయలుదేరే ముందు క్లీనరు చాలాసేపు పంకా తిప్పి నిప్పు రాజెయ్యాలి. బలం పెట్రోలుతో నడిచినప్పటికన్నా బాగా తక్కువ, గట్టు ఎక్కాలంటే ప్రయాణీకులు దిగి తొయ్యవలసిందే. తోసినవారికి దేశభక్తి గాని ప్రకృతిభక్తి గాని కారణం కాదు. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే పీపాలు తుక్కుకు పోయాయి. ఆ బొగ్గుకోసం నేలకూలిన చెట్ల లెక్క ఎవరూ వేయలేదు. ఇంధనం 'ప్రత్యామ్నాయం' అయినంత మాత్రాన మంచిది కాదని చెప్పటానికి ఈ ఉదాహరణ చాలు.

కట్టెలు ఎక్కడివి? కొన్ని పడమటి మెట్టసీమ నుంచి బండ్లమీద వచ్చేవి, వాటితోపాటు కందికంప, పత్తికట్టె కూడా. కొన్ని కాలువల మీద పడవల్లో వచ్చేవి. కొమ్మమూరు కాలువ డెల్టాను పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిపి మదరాసు దాకా నీటిదారి చేసింది. ఆ దారిలో మన ధాన్యం దక్షిణానికి పోయింది. సముద్రపుటొడ్డున సరుగుడు లేచింది. కోరమాండల్ తీరంలో సరుగుడు తోటలు పందొమ్మిదో శతాబ్దంలో వేయించినది మన వంటిళ్ళ కోసం కాదు, రైలింజన్లకు, మదరాసు నగరానికి కట్టెల కోసం. రైలు బొగ్గుకు మారిన తర్వాత గాని సరుగుడు మన పొయ్యిలోకి పూర్తిగా రాలేదు. బాపట్ల, సూర్యలంక ఇసుకనేలల్లో రాలిన సరుగుడాకు ఊడ్చి మోపు కట్టుకుపోయే ఆడవాళ్ళకు ఆ తోట ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ గొంతుమీద కత్తే. 1977 నవంబరు 19 తుపాను రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల, దివిసీమలను తుడిచిపెట్టాక, గాలివానకు అడ్డుగా తీరం పొడవునా సరుగుడు నాటించారు. మంచి పనే. కాలక్రమాన సరుగుడుకు కాగితపు మిల్లుల బేరం వచ్చింది. కట్టె గుజ్జు అయ్యాక దాని ధర పొయ్యి చెప్పే ధర కాదు.

సంస్కర్తలు లేకపోలేదు. పొగ మన ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ తినేస్తున్నదని వారు గుర్తించారు. ఆ గుర్తింపుకు మనం రుణపడి వున్నాం. వార్ధాలోని అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘంలో కుమారప్ప, ఆయన సహచరులు పొగలేని పొయ్యి మీద పనిచేశారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద చిన్న పుస్తకం కూడా వేశారు. పొయ్యి ఖరీదు దాదాపు సున్న. అయినా అది ఇంటింటా ఎందుకు నిలవలేదు? పూరింటి కప్పులోంచి గొట్టం తీస్తే నిప్పురవ్వకు ఎవరు జవాబుదారీ? ఒక్క గది ఇంట్లో, వానాకాలం తడిసిన పిడకతో, సన్నని పొయ్యినోటికి సరిపడేట్టు కంపను నరికే తీరిక ఎవరికి వున్నది? నమూనా గీసిన బల్ల దగ్గర ఈ ప్రశ్నలు తట్టవు.

గోబరుగ్యాసు కథ ఇంకా బోధకమైనది. జశ్‌భాయి పటేలు నమూనాను ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960 దశకంలో దేశమంతా ప్రచారంచేసింది. 1981–82లో జాతీయ పథకం కింద సబ్సిడీలు వచ్చాయి. శాస్త్రరీత్యా దీనిలో తప్పు పట్టటానికేమీ లేదు: పేడ నుంచి మంటా వస్తుంది, ఎరువూ మిగులుతుంది, వోల్కరు సమస్య ఒక్కదెబ్బకు తీరుతుంది. కాని లెక్క చూడండి. ఒక కుటుంబానికి సరిపోయే రెండు ఘనమీటర్ల తొట్టికి రోజుకు సుమారు 50 కిలోల పేడ పొయ్యాలి. అంటే మూడు నాలుగు గొడ్లు, తొట్టి తవ్వటానికి సొంత దొడ్డి, కలపటానికి నీళ్ళు. ఇవన్నీ వున్న ఇల్లు ఏదో చెప్పనక్కరలేదు. అక్కడితో ఆగితే పేదవాడికి లాభం రాలేదని సరిపెట్టుకోవచ్చు. నిజానికి నష్టం వచ్చింది. కామందు పేడ తొట్టిలో పడటం మొదలైన తర్వాత, ఆ దొడ్డి చుట్టూ ఊరికే ఎత్తుకుపోయే పేడకు విలువ ఏర్పడింది. విలువ ఏర్పడినదాన్ని ఎవరూ ఊరికే ఎత్తుకుపోనివ్వరు. ఒక ఇంట నీలిమంట వెలిగితే పక్క పేటలో పిడక కరువైంది. ఇది కుట్ర అనటం లేదు. ఆస్తిసంబంధాల్లోకి మంచి యంత్రం ఒకటి ప్రవేశించినప్పుడు జరిగే సహజపరిణామం ఇది.

గ్యాసుబండ చరిత్ర అందరికీ తెలిసిందే కనుక త్వరగా ముగిస్తాను. 1955లో బర్మాషెల్ బొంబాయిలో మొదలుపెట్టింది, 1965లో ఇండేన్ వచ్చింది. చాలాకాలం అది ఉద్యోగస్థుల ఇంటి గౌరవచిహ్నం. కనెక్షనుకు ఏళ్ళతరబడి వేచి వున్నవారు తెనాలిలోనూ కొల్లలు. అంతవరకు పట్టణ మధ్యతరగతి కుంపటి, పంపుస్టవ్వు, ఒత్తులస్టవ్వుల మధ్య కాపురం చేసింది. 1999లో మన రాష్ట్రప్రభుత్వం దీపం పథకం పెట్టి డ్వాక్రా మహిళలకు కనెక్షన్లిచ్చింది. వెయ్యిరూపాయల డిపాజిట్టు సర్కారుది. పొయ్యి ఖరీదు, బండ నింపించుకునే ఖర్చు ఆమెవి. కొద్దికాలానికే ప్రపంచబ్యాంకు చేయించిన పరిశీలనలోనే తేలిన సంగతి: బీదకుటుంబాలు బండను అటక మీద పెట్టిన చుట్టాల పళ్ళెంలా వాడుతున్నాయి, టీకి, అతిథికి గ్యాసు, అన్నానికి కట్టెలు. 2016లో ఉజ్జ్వల, 2024 అక్టోబరు 31 నుంచి ఏడాదికి మూడు ఉచిత బండలిచ్చే దీపం–2. ధర తగ్గినప్పుడల్లా పిడక తగ్గింది, ధర పెరిగినప్పుడల్లా తిరిగి వచ్చింది. ఆమెకు జ్ఞానోదయం అయినదీ పోయినదీ ఎప్పుడో గాని, ధర మారిన తేదీలు మాత్రం రికార్డులో వున్నాయి. గ్యాసు భూగర్భ చమురులోదే, పైగా సగానికి మించి దిగుమతి. అయినా పొగలో ఊదుగొట్టం పట్టుకున్న తల్లిని చూసినవాడెవడూ పిడకలయుగం తిరిగి రావాలని కోరడు. పాతదాన్ని 'సహజజీవనం' అని కీర్తించే భావుకులకు ఒక్క వానాకాలపు పూట వంట అప్పగించాలి.

వస్తువుల పునర్వినియోగం కూడా ఇదే తోవన నడిచింది. చిల్లిపడ్డ బిందెకు మాటు వేసేవాడు, ఇత్తడికి కళాయి పూసేవాడు, చిరిగిన చీరలు కలిపి బొంత కుట్టే ముసలమ్మ, పాతబట్టలకు స్టీలుగిన్నె ఇచ్చే గంపమనిషి, ఇనపముక్కకు ఉల్లిపాయలు కొలిచేవాడు: వీరు లేని వీధి లేదు. కచ్చికతో పళ్ళు, బూడిదా కొబ్బరిపీచుతో అంట్లు, లంకల నుంచి వచ్చిన అరటాకులో భోజనం. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చి కళాయి పూసేవాడి పొట్ట కొట్టింది. ప్లాస్టిక్ బిందె మాటు వేసేవాడి పొట్ట కొట్టింది. ఇవాళ తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, బండ్ల తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు అతికి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ నైపుణ్యం మెచ్చదగింది. అదే తుక్కును ఎండలో ఏరి తూకానికి అమ్మే మనిషికి మునిసిపాలిటీ గుర్తింపు కోసం ఇంకా పోరాటమే.

చట్టాలు వచ్చాయి. ప్లాస్టిక్ సంచి మందం 1999లో 20 మైక్రాన్లన్నారు, 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 చివరకు 120. అదే 2022 జూలై 1న ఒక్కసారి వాడి పారేసే స్ట్రాలు, చెమ్చాలవంటి వస్తువుల్ని నిషేధించారు. ఇరవై మూడేళ్ళు మైక్రాన్లు కొలుస్తూనే వున్నారు. ఈ కాలమంతా ఫ్యాక్టరీలో తయారీ ఆగలేదు, దాడులు మాత్రం కూరల బండి మీద జరిగాయి. 2021లో చెత్త ఎత్తినందుకు ఇంటింటా రుసుము వేశారు, జనం 'చెత్తపన్ను' అని పేరుపెట్టి నిరసించారు, 2024లో రద్దయింది. పెట్రోలు సంగతి మరీ విచిత్రం. 2003లో అయిదు పాళ్ళ ఇథనాలుతో మొదలై 2025కు ఇరవై పాళ్ళకు చేరింది. చెరకు, నూకలు, మొక్కజొన్న నుంచి దాన్ని తీస్తున్నారు. బంకులో నిలబడ్డ తెనాలి ఆటోవానికి ఇథనాలు కావాలా వద్దా అని ఎవరూ అడగరు, గొట్టం ఒకటే. వరికోసిన మాగాణుల్లో మినుము తగ్గి, దున్నకుండానే మొక్కజొన్న వేయటం ఈ జిల్లాల్లో కొంతకాలంగా సాగుతున్నది. దానికి తెగుళ్ళు ఒక కారణం, ధర ఒక కారణం. ఆ ధరలో ఇప్పుడు ఇథనాలు పాలూ వున్నది. మినప్పప్పు కొనే ఇల్లాలికి, పెట్రోలు కొట్టించుకునే ఆటోవానికి మధ్య వున్న ఈ సంబంధం వారిద్దరికీ కనపడదు.

ఇక ఊకతో ముగిస్తాను. 1990 దశకం చివరి నుంచి రాష్ట్రంలో ఊకతో కరెంటు తీసే కేంద్రాలు లేచాయి. బొగ్గుకన్నా శుభ్రమని రాయితీలిచ్చారు. మిల్లు వెనుక పీడగా పడివున్న ఊక అప్పటినుంచి టన్నుల లెక్కన కాంట్రాక్టుల మీద పోతున్నది. ఇటుకబట్టీవాడు పోటీపడి కొంటున్నాడు, కోళ్ళఫారాలవాడు పరుపు కోసం కొంటున్నాడు. గోతంతో ఊరికే నింపుకుపోయే రోజులు పోయాయి. ఊకపొయ్యి చేసిన డబ్బాలు అంతకుముందే తుక్కుబండి ఎక్కాయి. మండిన ఊకలో అయిదో ఆరో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో ఎక్కువభాగం సిలికా. కొంత సిమెంటుకు, కొంత ఉక్కు కర్మాగారాలకు పోతుంది. మిగిలింది లారీల్లో తెచ్చి ఊరి చివర గుంటల్లో పోస్తున్నారు. గాలి వీచినప్పుడు ఆ నల్లని బూడిద వచ్చి పడేది ఆ చివరి ఇళ్ళ మీద, ఆరేసిన బట్టల మీద.